నడుం నొప్పికి పెన్షనా?

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. తరతరాలుగా ఫౌజుకి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ ఇద్దరు మాజీ సైనికుల మధ్య సాగిన వాదన ఇది. పెద్దాయన ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసి రిటైరైన సుబేదారు. చిన్నవాడు ఆర్మీ సర్వీస్ కోర్‌లో 24 ఏళ్లు లారీ నడిపి 2019లో ఇంటికొచ్చిన హవల్దారు. దిగిపోయేటప్పుడు మెడికల్ బోర్డు అతని వెన్నులో ఎల్4-ఎల్5 మధ్య డిస్కు జారిందని ఒప్పుకుంది, వైకల్యం జీవితాంతం 20 శాతమని రాసింది. ఆ కిందే 'ఇది సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు' అని కూడా రాసింది. దాంతో మామూలు పెన్షన్ మీద వైకల్యానికి అదనంగా ఇచ్చే డిసెబిలిటీ పెన్షన్ రాలేదు. ఇప్పుడతను అప్పీలు చేస్తానంటున్నాడు.

సుబేదారు: వద్దురా అబ్బాయ్. నడుం నొప్పి లేనివాడెవడు? బస్తాలు మోసే జట్టు కూలీకి లేదా? వయసుతో డిస్కు అరుగుతుంది. నొప్పే లేనివాళ్లకి ఎమ్మారై తీసినా అరుగుదల కనపడుతుంది. నేను ఆస్పత్రుల్లో కళ్లారా చూశాను. కాలు పోయినవాడు తీసుకునే పెన్షన్ అది. నడుం పట్టేసిందని మనం వెళ్లి అడిగితే వాడి ముందు నిలబడగలమా?

హవల్దారు: కాలు పోయినవాడి వాటాలోంచి నాకిమ్మనడం లేదు బాబాయ్. నా కాగితంలో రాసిన 20 శాతం గురించే అడుగుతున్నాను. శ్రీనగర్ నుంచి లేహ్‌కి రెండు సీజన్లు స్టాలియన్ లారీ నడిపాను. జోజిలా కనుమ ఎక్కేటప్పుడు రోడ్డు ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలిసేది కాదు. ప్రతి గుంటా సీటులోంచి నేరుగా వెన్నుకే తగిలేది. ద్రాస్‌లో రాత్రి ఆగితే, పొద్దున మంచంలో పక్కకి తిరిగి, చేతులు ఆనించి లేచేవాణ్ణి. పెద్ద బండ్లు నడిపేవాళ్లకి ఆ అదురు వల్ల నడుం పాడవుతుందని డాక్టర్లే చెబుతారు కదా.

సుబేదారు: చెబుతారు, కాదనను. కానీ నీ నొప్పి మొదట రికార్డయింది ఎక్కడ? సికింద్రాబాద్‌లో. పీస్ స్టేషన్, అంటే సరిహద్దుకి దూరంగా ఉండే మామూలు డ్యూటీ చోటు. బోర్డు చూసేది అదే.

హవల్దారు: డిస్కు వయసుతో అరుగుతుందని మీరే ఇందాక అన్నారు, అంటే ఒక్క రోజులో జారదు కదా. నొప్పి భరించలేక ఆస్పత్రికి వెళ్లిన రోజు సికింద్రాబాద్‌లో ఉన్నాను, అంతే. పోనీ, సర్వీసు వల్ల రాలేదనే అనుకుందాం. పెరగలేదని ఎలా రాస్తారు? నా మెడికల్ కేటగిరీ తగ్గించారు, ఎత్తు ప్రాంతాలకు పంపొద్దన్నారు. స్టీరింగ్ మాత్రం దిగనివ్వలేదు. రూల్లో రెండు మాటలున్నాయి కదా, సర్వీసు వల్ల రావడం లేదా సర్వీసు వల్ల పెరగడం. రెండింట్లో ఏదో ఒకటి చాలు.

సుబేదారు: ధరమ్‌వీర్ సింగ్ కేసు చదివి వచ్చినట్టున్నావు.

హవల్దారు: చదివాను. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చింది. చేరేటప్పుడు జబ్బున్నట్టు రాయకపోతే ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క. కాదంటే బోర్డు కారణాలు రాయాలి. నా కాగితంలో కారణాల దగ్గర ఏముందో తెలుసా? 'శరీరతత్వం వల్ల వచ్చింది' అని ఒక్క ముక్క. నా సర్వీసులో ఏ పని చూశారో, లేహ్ రోడ్డు సంగతి లెక్కలోకి తీసుకున్నారో లేదో ఒక్క అక్షరం లేదు.

సుబేదారు: ఆ తీర్పు 1982 నాటి పెన్షన్ అర్హత రూల్స్ మీద. నువ్వు దిగింది 2019లో, నీకు 2008 రూల్స్. సర్వీసులో బయటపడినంత మాత్రాన సర్వీసు వల్లే వచ్చినట్టు కాదని వాటిలో ఉంది.

హవల్దారు: అవే రూల్స్‌లో, మామూలుగా సైనికుణ్ణి రుజువు చేయమని అడగకూడదని కూడా ఉంది. దిగిపోయిన 15 ఏళ్ల తర్వాత అడిగితేనే ఆ భారం మా మీద పడుతుంది. నాకింకా అంత టైం కాలేదు.

సుబేదారు: అప్పీలుకి ఆరు నెలల గడువు. అది దాటి ఏళ్లయింది.

హవల్దారు: ఆలస్యం నాదే, ఒప్పుకుంటాను. మా నాన్న మంచాన పడి ఉన్నారు, ఆ టెన్షన్‌లో బోర్డు కాగితం బీరువాలో పెట్టి మర్చిపోయాను. కానీ పెన్షన్ ప్రతి నెలా రావాల్సిన డబ్బు. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అతను దిగిపోయి పదహారేళ్ల తర్వాత కోర్టుకెళ్లాడు. పాత బకాయి మూడేళ్లకే పరిమితం చేశారు, పెన్షన్ మాత్రం ఆపలేదు. ముందు అప్పీలు కమిటీకి రాస్తాను, కాదంటే రెండో కమిటీకి. అక్కడా కాకపోతే చెన్నైలో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది.

సుబేదారు: ఇంతా చేస్తే వచ్చేదెంత?

హవల్దారు: నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. 20 శాతానికి అందులో ఐదో వంతు. రౌండాఫ్ అని ఆ 20ని 50 శాతంగా లెక్కేస్తే, ఆ 30లో సగం. 2014లో రామ్ అవతార్ కేసులో, మామూలుగా రిటైరైన వాళ్లకీ ఆ రౌండాఫ్ ఇవ్వాలన్నారు. నా మందులకీ, ఫిజియోథెరపీకి వెళ్లే ఆటోకీ సరిపోతుంది.

సుబేదారు: చూడబ్బాయ్, నా బాధేంటో చెబుతాను. దిగేముందు బీపీ, షుగరు, మోకాలు అని వరసగా రాయించుకుని వచ్చినవాళ్లని చూశాను. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా 2023లో దీన్ని ఎత్తి చూపింది, ముఖ్యంగా అధికారుల విషయంలో. అలాంటి ప్రతి కాగితం వల్ల నిజంగా దెబ్బతిన్నవాడి మీద కూడా బోర్డుకి అనుమానం పుడుతుంది. నీ కాగితంలో బీపీ కూడా ఉంది కదూ?

హవల్దారు: ఉంది. దాన్నీ అడుగుదామనుకున్నాను.

సుబేదారు: అడగకు. బీపీ నీకు ఇంటికొచ్చే ముందు ఏడాది వచ్చింది. అది తీసేస్తే నేను కూర్చుని రాసిపెడతాను. ఉంచితే నా చెయ్యి పడదు.

హవల్దారు: రూల్ ప్రకారం అడగొచ్చు బాబాయ్.

సుబేదారు: అడగొచ్చు. నేను రాయను.

హవల్దారు: (కాసేపు ఆగి) సరే, నడుం ఒక్కటే.

సుబేదారు: అయితే నీ సర్వీసు కాగితాలుండే బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకి ఆర్టీఐ పెట్టు. చేరినప్పటి మెడికల్, కేటగిరీ తగ్గించిన ప్రతి బోర్డు కాగితం, ఆస్పత్రి డిశ్చార్జి స్లిప్పులు, లేహ్ రోడ్డు మీద నువ్వు బండి నడిపిన కాలం వివరాలు, అన్నీ అడుగు. ఆ కారణాల కాగితం ఇటు తే, కళ్లజోడు పెట్టుకుంటాను.