‘ఆ పని నిపుణులకే వదిలేయాలి’ అనే వాదన నిలవదు

మేధో వైకల్యం (ఆలోచించడంలో, నేర్చుకోవడంలో, నిత్యజీవిత పనుల్లో గణనీయమైన పరిమితి) ఉన్నవారి వద్దకు కళాశాల విద్యార్థులను సేవకు పంపడాన్ని తప్పుపడుతూ ఒక సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతోంది. వారు మానసిక రోగులని, వయసెంత వచ్చినా చిన్నపిల్లలేనని, శిక్షణ లేని డిగ్రీ విద్యార్థుల వల్ల వారికి ఒరిగేదేమీ లేదని దాని సారాంశం.

మొదటి మాట వాస్తవ విరుద్ధం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యాన్నీ మానసిక రుగ్మతనూ వేర్వేరుగా పేర్కొంది. మానసిక రుగ్మత ఉన్నవారిని చూసి భయపడడం కూడా అన్యాయమే.

చిన్నపిల్లలన్న మాట ప్రేమగా వినిపించినా అవమానమే. ముప్పై ఏళ్ల మనిషి బుగ్గ గిల్లి చేతిలో చాక్లెట్ పెట్టడం మర్యాద కాదు. అపరిచితులైన పెద్దలను ‘మీరు’ అన్నట్లే వారినీ అనాలి.

అసలు వాదన మూడవది. స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్య నిపుణుల పనేననడంలో సందేహం లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ అటువంటి నిపుణులకు శిక్షణ ఇస్తోంది. అయితే చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం మేధో వైకల్యమంటే ఆలోచన, అభ్యసనాలలోనే కాక నిత్యజీవిత నైపుణ్యాలలో కూడా గణనీయమైన పరిమితి ఉండడం. బస్సెక్కి టికెట్ అడగడం, కొట్టులో చిల్లర సరిచూసుకోవడం, ఈడువాళ్లతో కబుర్లాడడం వంటివి గదిలో ఎంత నేర్పినా బయట పదేపదే చేస్తేనే పట్టుబడతాయి. అందుకు ఓపికగా వెంట ఉండే తోటివారు కావాలి. ఇప్పుడు ఆ భారమంతా చాలా ఇళ్లలో తల్లి ఒక్కతే మోస్తోంది. 1989లో ఆంథొనీ కెనడీ శ్రైవర్ అమెరికాలో స్థాపించిన బెస్ట్ బడ్డీస్ అనే స్వచ్ఛంద సంస్థ విద్యార్థికీ మేధో వైకల్యం ఉన్న వ్యక్తికీ మధ్య స్నేహాన్నే పునాదిగా ఎంచుకుంది, చికిత్సను కాదు. మేధో వైకల్యం ఉన్నవారికి క్రీడలు నిర్వహించే స్పెషల్ ఒలింపిక్స్ వారి యూనిఫైడ్ స్పోర్ట్స్‌లో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే జట్టుగా ఆడతారు.

ఆ సందేశంలో ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనది: పండ్లు పంచి, ఫోటోలు దిగి, మళ్లీ కనిపించని బృందాలు మేలు చేయవు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో కొన్నైనా ప్రత్యేక ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, వారం వారం అదే వ్యక్తితో గడిపేలా కళాశాలలు ఏర్పాటు చేయాలి. ఫోటో తీయవచ్చునా అని ముందుగా ఆ వ్యక్తినే అడగాలి.