తొలి కార్ల కరెంటు: నింద సగమే న్యాయం

తొలి రోజుల కారు దారిలో ఆగిపోతే ముందుగా అనుమానించేది వైర్లనే. కరెంటు సామాను నమ్మదగింది కాదన్న పేరు అలా పడింది. నా దృష్టిలో ఆ నింద సగమే న్యాయం. పరికరాలు విడివిడిగా అంత నాసిరకమేమీ కావు. కుదుపులు, తడి, నూనె మరకల మధ్య వాటిని బిగించారు. పైగా ఒకదానికొకటి పొత్తు కుదర్చలేదు.

కార్ల్ బెంజ్ 1886 నాటి బండిలో ఇంధనాన్ని అంటించే స్పార్కు కోసం బ్యాటరీ, దాని వోల్టేజిని పెంచే తీగచుట్ట (కాయిల్) ఉండేవి. దారిలో ఛార్జి చేసే డైనమో (కరెంటు పుట్టించే యంత్రం) లేదు. 1888లో ఆయన భార్య బెర్తా మాన్‌హైమ్ నుంచి ప్రయాణం కట్టినప్పుడు ఒరిసిపోయిన వైరుకు మేజోళ్ల పట్టీ చుట్టారని చెబుతారు. అక్కడ తప్పు కరెంటుది కాదు, వైరు తొడుగుది. మరో తొలి కార్ల తయారీదారు డైమ్లర్ ఈ బాధే వద్దనుకుని, మంటతో ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనాన్ని అంటించి ఇంజిన్ నడిపాడు. పెట్రోలు పక్కనే మంట! దానికంటే చెడిపోయే వైరే నయం.

అయస్కాంతాలతో తనే కరెంటు పుట్టించుకుని, బ్యాటరీ అవసరమే లేని మాగ్నెటో ఈ చిక్కును చాలావరకు విప్పింది. బాష్ సంస్థలో హోనోల్డ్ 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధం చేశాడు. అయినా రోల్స్ రాయిస్ తన సిల్వర్ గోస్ట్‌లో మాగ్నెటోతో పాటు బ్యాటరీతో నడిచే కాయిల్ ఇగ్నిషన్ కూడా పెట్టి, ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్కు ప్లగ్గులు ఇచ్చింది. అంత పేరున్న కంపెనీకే ఒక్కదాని మీద భరోసా లేదు.

ఫోర్డ్ మోడల్ టి దారి వేరు. 1908లో వచ్చిన ఆ కారులో ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రానికే (ఫ్లైవీలు) అయస్కాంతాలు బిగించి దాన్నే మాగ్నెటోగా వాడారు. నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు, ఒక చెక్కపెట్టెలో. చెక్కకు చెమ్మ తగిలినా, ఏ సిలిండర్‌కు ఎప్పుడు స్పార్కు అందాలో చూసే టైమరులో మురికి చేరినా ఇంజిన్ తడబడేది. కానీ చెడిన కాయిల్‌ను లాగి వేరేది పెట్టడానికి మెకానిక్కు అక్కర్లేదు. తరచూ చెడినా యజమాని చేతిలో బాగయ్యేదాన్ని నమ్మకం లేనిదనడం నాకు సమ్మతం కాదు. దాని దీపాల సంగతి మాత్రం వెనకేసుకురాలేం. 1915 నుంచి అవి మాగ్నెటో మీదే వెలిగేవి. ఇంజిన్ నెమ్మదిస్తే మసకబారేవి, వేగం పెరిగితే బల్బులు మాడేవి. చీకట్లో గతుకు కనిపించి నెమ్మదించిన క్షణంలోనే వెలుగు తగ్గేదన్నమాట.

చరిత్రకారులు మలుపుగా చూపేది 1912 కాడిలాక్‌ను. నగదు లెక్కించే యంత్రానికి మోటారు అమర్చిన చార్లెస్ కెట్టరింగ్, కొద్ది క్షణాల పాటు శక్తికి మించి పని చేయించినా చిన్న మోటారు కాలిపోదని గ్రహించాడు. ఆ కారులో అతని యంత్రం 24 వోల్టులతో ఇంజిన్‌ను తిప్పేది, తర్వాత డైనమోగా మారి 6 వోల్టులతో బ్యాటరీని నింపేది. స్టార్టరు, దీపాలు, స్పార్కు ఒక్క గొడుగు కిందికి వచ్చాయి. అంతకు ముందు ఇంజిన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ ఎదురుతన్ని చేతులు విరగడం తప్పింది.

కానీ నమ్మకం ఆ ఏడాదే వచ్చిందంటే ఒప్పుకోను. తర్వాత విరివిగా వాడిన, కరెంటు మోతాదును ఒక అదనపు బ్రష్‌తో అదుపు చేసే ‘మూడో బ్రష్’ డైనమోలకు బ్యాటరీ నిండిందో లేదో తెలియదు. పగలంతా దూరం నడిపితే బ్యాటరీ ఉడికిపోయేది, రాత్రి దీపాలతో కొద్ది దూరాలే తిరిగితే ఎండిపోయేది. ఆ లెక్క డ్రైవరే చూసుకోవాలి. 1930లలో ఛార్జింగును తమంతట తామే అదుపు చేసే వోల్టేజి రెగ్యులేటర్లు వ్యాపించాకే ఆ పని అతని నెత్తి మీద నుంచి దిగింది. స్టార్టరుకు దక్కిన కీర్తిలో సగమైనా ఆ చిన్న డబ్బాకు రావలసింది.