పదో ప్రశ్న దగ్గరే అసలు ఆట

టీవీ క్విజ్ షో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’కి నాగార్జున సీజన్లే స్వర్ణయుగం అని ఒక వ్యాసంలో రాశారు. వ్యాఖ్యాతగా ఆయనకి తిరుగులేదు. కానీ ఆట కట్టుదిట్టంగా ఉన్నది 2000లో అమితాబ్ హిందీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా మొదలుపెట్టినప్పుడే. తర్వాత 2005లో పెద్ద బహుమతి కోటి కాస్తా రెండు కోట్లయింది, 2010లో 5 కోట్ల జాక్‌పాట్ వచ్చింది.

ఆ మొదటి ఆటలోని 15 ప్రశ్నల మెట్ల అందం చూడండి. పదో ప్రశ్న దాటితే 3,20,000 ఖాయం. పదకొండోది తప్పినా పైసా పోదు, తెలియకపోయినా ఆడాల్సిందే! పదోది అలా కాదు. చేతిలో 1,60,000 ఉంటాయి, తప్పితే 10,000కి పడిపోతారు. ఒక్క లైఫ్‌లైనైనా (తెలిసినవాళ్లకి ఫోన్, ప్రేక్షకుల పోల్ లాంటి సాయం) దానికోసం దాచుకోవాలి.

ఫోన్‌కి ఇచ్చేది 30 సెకన్లే, అందులో సగం పలకరింపులకే పోగొడతారు. ‘శ్రీముఖలింగం ఏ నది ఒడ్డున ఉంది? నాగావళి, వంశధార, సువర్ణముఖి, చంపావతి’ అని గబగబా చదివేస్తే చాలు, మా శ్రీకాకుళం మనిషి ఎవరైనా వంశధార అని ఠక్కున చెప్పేస్తారు. ఇదే ప్రశ్నకి హైదరాబాద్ సెట్లో ప్రేక్షకుల పోల్ అడిగితే ఓట్లు చీలిపోతాయి. పోల్‌ని సినిమా, క్రికెట్ ప్రశ్నలకే వాడాలి.