కొబ్బరి మొవ్వు దాకా హెడ్‌లైట్

మా కోనసీమలో చీకటి పడ్డాక కారు తోలడాన్ని డ్రైవింగ్ అనకూడదండి, వేరే ఏదైనా పేరు పెట్టాలి. ఓ పక్క కాలవ, ఓ పక్క చేను, మధ్యలో కారున్నర పట్టే గట్టు రోడ్డు, ఎదురుగా సూర్యోదయం. రాత్రి తొమ్మిదింటికి సూర్యోదయం ఏంట్రా అనుకుని బ్రేక్ మీద కాలేసి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాలవ ఎటు పక్కుందో గుర్తు తెచ్చుకుంటా ఓ పది సెకన్లు దేవుడి మీద భారం వేస్తే అప్పుడు తెలుస్తుంది, అది రొయ్యలు తీసుకెళ్ళే ఐసు బండని. అది దాటాక ఇంకో పది సెకన్లు ఏమీ కనపడదు. సరిగ్గా ఆ టైముకే మన ముందు వెనకాల లైటు లేని ధాన్యం ట్రాక్టరో, రోడ్డు మధ్యలో నెమరేస్తా కూర్చున్న గేదో ఉంటది, అది గేదె తప్పు కాదు లెండి, దానికి ఆ రోడ్డు మనకంటే ముందు నుంచి తెలుసు.

దీనికి మా వైపు జనం కనిపెట్టిన పరిష్కారం చాలా గొప్పది. వాడి లైటు వల్ల మనకి కనపడట్లేదు కాబట్టి మన లైటు పెంచాలి. మనం పెంచాక మన ఎదురొచ్చేవాడికి కనపడదు కాబట్టి వాడూ పెంచుతాడు. ఇలా అమలాపురం నుంచి రావులపాలెం దాకా, అక్కణ్ణుంచి సిద్ధాంతం బ్రిడ్జి దాటి తణుకు, భీమవరం దాకా అందరూ పెంచుకుంటా పోతే కొన్నాళ్ళకి డెల్టాలో రాత్రి అనేదే ఉండదు, పైరు రాత్రిళ్ళు కూడా పెరుగుద్ది, సాలుకి ఇంకో పంట అదనం. ఎవరో నన్ను దీనికి వ్యతిరేకి అనుకునేరు. నేను గట్టిగా సమర్థిస్తున్నాను, ఎందుకంటే నేనూ జేబులోంచి రెండు వేల ఎనిమిది వందలు తీసి పెంచినవాణ్ణే.

అసలు లైటుని హై బీమ్ నుంచి లో బీమ్‌కి, అంటే దూరం నుంచి కిందకి, దించే డిప్పర్ అనే మీట ఒకటి స్టీరింగ్ పక్కనే ఉందని మనందరికీ తెలుసు, కానీ అది వాడితే పరువు పోద్ది. బరిలో ముందు మెడ తిప్పిన కోడి ఓడినట్టే, రోడ్డు మీద ముందు లైటు దించినవాడు ఓడినట్టు. దీనికో వరస ఉంది. సైకిలుకి లైటే లేదు కాబట్టి లెక్కలోకి రాడు. బైకు ఆటోకి దించాలి, ఆటో కారుకి దించాలి, కారు టిప్పరుకి దించాలి, టిప్పరు ఎవరికీ దించడు, ఒక్క పెళ్ళి బస్సుకి తప్ప, ఆ బస్సు ముందు నీలంవి ఆకుపచ్చవి కలిపి ఇంకో డజను లైట్లు ఉంటాయి కాబట్టి అక్కడ టిప్పరు కూడా తల వంచుద్ది. మా బావ కారుకి హై బీమ్‌కి 100, లో బీమ్‌కి 90 వాట్ల బల్బులు వేయించి ఈ వరసలో పైకెళ్ళాలని చూశాడు, నెలకల్లా కారులో ఏదో మాడిన వాసన, చూస్తే హోల్డర్ ప్లాస్టిక్ కరిగి బల్బు కాళ్ళకి బెల్లం పాకంలా అంటుకుపోయింది. 60 వాట్లకి 5 ఆంప్స్ పోయేలా వేసిన సన్నటి వైర్లోంచి 8 ఆంప్స్ పైన లాగితే ఇంకేమవుద్ది. బావ మాత్రం కంపెనీ వాడు నాసిరకం ప్లాస్టిక్ వేశాడని ఇప్పటికీ తిడతాడు.

అందుకని నేను తెలివిగా ఎల్ఈడీకి వెళ్ళాను. షాపాయన రెండు పెట్టెలు తీసి కౌంటర్ మీద పెట్టి, "మీ పాత బల్బు 3200 అండి, ఇది 6000, డబుల్ పవరండి" అన్నాడు. ఆ నెంబరు వెలుగుకి కాదు రంగుకి, హాలోజెన్ పసుపుగా ఉంటది కాబట్టి 3200 దగ్గర, ఇది నీలం కలిసిన తెలుపు కాబట్టి 6000, మావిడిపండు రంగు చూసి బరువు చెప్పినట్టుంది యవ్వారం. అయినా నేను తలూపాను. పెట్టె మీద ఒక్కో బల్బు 200 వాట్లని కూడా రాసుంది. ఇంటికొచ్చాక ఊరికే ఓ లెక్కేశాను, వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయని చిన్నప్పుడు బెత్తంతో కొట్టి మరీ చెప్పారు కదా, 200ని బ్యాటరీ వోల్టులు 12తో భాగిస్తే 16 పైచిలుకు. మా బండిలో ఒక్కో హెడ్‌లైట్‌కి ఉన్న ఫ్యూజు 10 ఆంప్స్. స్విచ్ వేశాను. ఫ్యూజు ఎగరలేదు. అయితే పెట్టె అబద్ధం ఆడాలి, లేదంటే వాట్ దొరే తప్పు చెప్పుండాలి. రెండు వేల ఎనిమిది వందలు పెట్టినవాణ్ణి కాబట్టి నేను దొర వైపే అనుమానంగా చూశాను.

మొదటి మూడు రోజులు మాత్రం ఎంత మర్యాదండీ. రాత్రి పూట ఏ బైకు ఎదురొచ్చినా చెయ్యి నుదుటి దాకా లేపేవోడు. "ఏవండీ, అందరూ మనకి సెల్యూట్ కొడుతున్నారేంటండీ" అని మా ఆవిడ పొంగిపోయింది, నేను కూడా పోయిన పంచాయితీ ఎలక్షన్లో నిలబడి ఉంటే బావుండేదే అనుకున్నాను. నాలుగో రోజు ఓ పెద్దాయన అదే చెయ్యి నుదుటి మీద పెట్టుకుని మా తాతల దాకా తిట్టుకుంటా వెళ్ళాడు, అప్పుడర్థమైంది అది దండం కాదు గొడుగని.

ఆ వారంలోనే మా పెరట్లో కొబ్బరి చెట్లు దింపు తీసే అతను సాయంత్రం పూట లెక్క చెప్పడానికి వచ్చి, నేను కారు లోపల పెడుతుంటే అలా పైకి చూస్తా నిలబడిపోయాడు. నేనూ దిగి చూశాను. లైటు లో బీమ్‌లోనే ఉంది, కానీ కొబ్బరి మొవ్వులో గెల గెలా విడిగా కనపడతంది, లేతకాయ ఏదో ముదురు ఏదో కింద నుంచే చెప్పేయొచ్చు. "బాబుగారండీ, తవరు ఓ గంట ఇలాగే లైటేసి ఉంచితే ఆ నాలుగు చెట్లూ ఈ రాత్రికే దింపేత్తానండి" అన్నాడు. వెటకారమో నిజమో వాళ్ళ మొహం చూస్తే తెలీదు.

అప్పుడు పాత బల్బుని చేతిలోకి తీసుకుని చూశాను, కొన్న రోజు నుంచి దాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. దాన్ని హెచ్4 అంటారు, 60/55 వాట్లు, 1971 నుంచి లోకమంతా తిరుగుతున్న సరుకు. లోపల రెండు తీగ చుట్టలు, ఒకటి హై బీమ్‌కి ఒకటి లో బీమ్‌కి. లో బీమ్ తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంటది, వడ్లగింజంత, మనం ఆకు దొప్పలో ప్రసాదం పెట్టుకున్నట్టు ఆ తీగని దాంట్లో పెట్టారు. అది కిందకి పోయే వెలుగుని ఆపేస్తది, పైకి పోయేది మాత్రం అద్దం పైభాగానికి తగిలి వంగి రోడ్డు మీదకి దిగుద్ది. ఎదుటోడి కళ్ళని కాపాడేది ఆ దొప్పేనండి. డూమ్, అదే బల్బు కూర్చునే హెడ్‌లైట్ గిన్నె, దాని లోపలి అద్దం మొత్తం ఆ తీగ ఫలానా చోట ఉంటదని నమ్మి, మిల్లీమీటరు లెక్కన వంచి చేసింది. అందులో మనం వేరే ఆకారం బల్బు తెచ్చి దోపితే కొత్త కోడలు వచ్చినా పాత కోడలి కొలతలకి కుట్టిన జాకెట్టే ఇచ్చినట్టు. వెలుగు కాలవలోకి కొంత, చేలోకి కొంత, కొబ్బరి మొవ్వులోకి కొంత, రోడ్డుకి మిగిలింది. ఇందులో ఇంకో మోసం ఏంటంటే బానెట్ ముందు పది గజాలు పాలు పోసినట్టు తెల్లగా ఉంటది కాబట్టి మనకి అబ్బో అనిపిస్తది, ఆ తెలుపుకే మన కంటిపాప ముడుచుకుపోయి దూరంగా ఉన్న గేదె మునుపటికంటే తక్కువ కనపడతది. పుష్యమాసం పొగమంచులో అయితే చెప్పక్కర్లేదు, పైకి పోయిన వెలుగంతా మంచుకి తగిలి తిరిగి మన మొహానికే వస్తది.

పైగా ఆ ఎల్ఈడీ వెనకాల ఓ ఫ్యాను ఉంటది, దాని వల్ల డూమ్ వెనక రబ్బరు మూత పట్టదు. షాపులో కుర్రాడు మూత తీసి డిక్కీలో పడేసి, "ఏం కాదండి, గాలాడుద్ది" అన్నాడు. గాలి ఆడింది, దోమలు ఆడాయి, తర్వాత అల్పపీడనం వానకి నీళ్ళు కూడా వచ్చాయి. మా వైపు చేపల చెరువు తవ్వాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో, హెడ్‌లైట్లో చెరువుకి మాత్రం ఏ పర్మిషనూ అక్కర్లేదు.

1989 నాటి మోటారు వాహనాల రూల్స్‌లో డిమ్ కొడితే లైటు ఎలా పడాలో రాశారండి. బండికి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో కన్నున్న మనిషికి కళ్ళు చెదరకూడదట. ఆ మనిషి ఎవరో పాపం, 1989 నుంచి మా కాలవ గట్టు మీద అదే 8 మీటర్ల దూరంలో నిలబడి ఉన్నాడు. ఇదివరకు కార్లకీ లారీలకీ హెడ్‌లైట్ అద్దం మీద ఎదుటోడి కళ్ళలో పడకుండా సగానికి నల్ల రంగు పూసేవోరు, గుర్తుందా. ఇప్పుడు ఆ నలుపు తీసేసి బంపరుకి నల్లతాడు, నిమ్మకాయ, మిరపకాయలు కడుతున్నాం. మన బండికి దిష్టి తగలకూడదు.

సరే, పాత బల్బులు పడేయలేదు కాబట్టి మళ్ళీ అవే బిగించాను. హాలోజెన్ గాజుని వేలితో ముట్టుకోకూడదండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు తొందరగా పోతది, పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. బిగించాక ఫోకస్ సెట్ చేద్దామని స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ ఎత్తాను. డూమ్‌కి రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి పైకీ కిందకీ, ఒకటి పక్కలకీ. నేను రెండోది తిప్పాను. ఓ అరగంట తర్వాత ఎడమ లైటు కాలవ వైపు, కుడి లైటు పక్కింటి పెదనాన్నగారి పడగ్గది వైపు చూస్తన్నాయి. "ఎవర్రా అది" అని లోపల్నించి వినపడింది, పిల్లినన్నా కాకపోతిని.

మర్నాడు వంటింటి గోడ పని చేస్తున్న తాపీ మేస్త్రి నేను గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు చూసి నవ్వాపుకోలేకపోయాడు. "లెవెలు చూడకుండా గీత్తే ఎలాగండే, గోడ అక్కడుంది, కారు ఇక్కడుంది, రెండింటికీ నేల ఒకటేనేంటండే" అని తన లెవెల్ పైపు తెచ్చాడు, అదేనండి నీళ్ళు పోసిన ప్లాస్టిక్ గొట్టం. కారుని గోడకి సరిగ్గా 25 అడుగుల దూరంలో ఎదురుగా పెట్టించాడు. టైర్లలో గాలి సరిచూశాం, సీట్లో నా బదులు మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాం, నా అంతే ఉంటాడు లెండి. గొట్టం ఓ కొస హెడ్‌లైట్ బల్బు నడిమికి ఆనించి పట్టుకున్నాను, రెండో కొస తీసుకుని మేస్త్రి గోడ దగ్గరకెళ్ళాడు, అందులో నీళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడ సుద్దతో గుర్తు. ఆ గుర్తుకి 3 అంగుళాల కింద అడ్డంగా గీత, అంటే నూటికి ఒకటి వాలు, వెలుగు పైఅంచు ఆ గీతని దాటకూడదు. ఒక లైటు మీద గోనెసంచి కప్పి రెండోది వేస్తే, గోడ మీద అంచు కత్తితో కోసినట్టు పడింది, కుడి వైపు అడ్డంగా, ఎడం వైపు కొద్దిగా పైకి లేచి. మనం ఎడం పక్కన నడిచేవాళ్ళం కదా, గట్టు అంచున పోయే మనిషీ మైలురాయీ కనపడాలని అటు లేపారట, కుడి వైపు ఎదుటోడి కళ్ళుంటాయని దించారట. ఇన్నేళ్ళూ ఆ అంచు నా బండికి ఉందనే నాకు తెలీదు. స్క్రూ రెండు చుట్లు తిప్పితే గీత మీద కూర్చుంది. ఖర్చు, మేస్త్రికి టీ.

అసలు సిగ్గు పడాల్సింది ఇక్కడండి. బల్లపరుపుగా ఉన్న ఈ నేల మీద వాలు చూసుకుని కాలవలు నడిపించాడు కాటన్ దొర, 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు, ఊరూరా ఆయన బొమ్మకి దండలేస్తాం. 25 అడుగులకి 3 అంగుళాల వాలు మాత్రం మనకి చేతకాదు.

వెలుగు చాల్లేదు అనేవాళ్ళకి కూడా ఓ మాట, ముందు హోల్డర్ దగ్గర వోల్టులు చూపించుకోండి. పాత వైరింగులో వోల్టేజీ పదోవంతు పడిపోతే హాలోజెన్ వెలుగు ముప్పై శాతం దాకా పోతది, రిలే, అంటే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్, పెట్టి లావు వైరు లాగితే అదే 60/55 బల్బు కొత్తగా వెలుగుద్ది. డూమ్ ప్లాస్టిక్ ఎండకి పసుపెక్కితే పాలిష్ చేయించండి. ఇంకోటి, స్టీరింగ్ దగ్గర 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటది చాలా కార్లలో, అది ఏసీది కాదండి. సంక్రాంతికి వచ్చిన హైదరాబాద్ చుట్టాలు వెళ్ళేటప్పుడు డిక్కీలో రెండు బస్తాల బియ్యం, యాభై కాయలు, అరిసెల డబ్బా, వెనక సీట్లో ముగ్గురు ఎక్కితే బండి వెనక కుంగి మూతి పైకి లేస్తది, లైటు కూడా దాంతో లేస్తది, అప్పుడు దించడానికి పెట్టారు దాన్ని. మా తోడల్లుడు ఆరేళ్ళుగా ఆ చక్రం సీటు చల్లబడ్డానికనుకుని 3లో పెట్టుకుని తిరిగాడు. తెలీకుండా మంచి చేసిన మనిషి ఆయనొక్కడే.

ఆ రెండు వేల ఎనిమిది వందల ఎల్ఈడీల సంగతి అడుగుతారేమో. రొయ్యల చెరువు మీద దొంగల భయం ఎక్కువైందని మా బావ అడిగి పట్టుకెళ్ళాడు, పాత కారు బ్యాటరీకి తగిలించి కాపలా పాక మీద కట్టించాడు. ఆ చెరువు సరిగ్గా గట్టు రోడ్డు మలుపులో ఉంది. మొన్న రాత్రి అంబాజీపేట నుంచి వస్తా, లో బీమ్‌లో, ఎంతో పద్ధతిగా, మలుపు తిరిగానో లేదో సూర్యోదయం అయింది. బ్రేక్ మీద కాలేసి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాలవ ఎటు పక్కుందా అని ఆలోచిస్తున్నాను. పాకలోంచి కాపలా కుర్రాడు అరిచాడు, "సెల్యూట్ ఎందుకండీ, మేం మీ వాళ్ళమే".