బాధ లేదనుకోవడమే బాధ: వాకర్ పెర్సీ నవలలు

1962లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు పోటీలో జోసెఫ్ హెల్లర్ ‘క్యాచ్-22’ ఉంది, శాలింజర్ ‘ఫ్రానీ అండ్ జూయీ’ ఉంది, రిచర్డ్ యేట్స్ ‘రివల్యూషనరీ రోడ్’ ఉంది. గెలిచింది మాత్రం అప్పటిదాకా పెద్దగా ఎవరూ పట్టించుకోని ‘ద మూవీగోయర్’. రాసినాయన పేరు వాకర్ పెర్సీ. లూసియానాలో కోవింగ్టన్ అనే చిన్న ఊళ్లో కాపురం. డాక్టరు పట్టా ఉంది, ప్రాక్టీసు లేదు. నలభై దాటాక అచ్చయిన మొదటి నవల అది.

అమెరికా దక్షిణాది సాహిత్యం అనగానే మనకు ఫాక్నర్ గుర్తొస్తాడు. పాడుబడ్డ బంగళాలు, తరతరాల పాపాలు, రక్తపాతం. పెర్సీ హీరో బింక్స్ బోలింగ్ అలాంటివాడు కాడు. షేర్లూ బాండ్లూ అమ్మే బ్రోకరు. న్యూ ఆర్లిన్స్ శివార్లలో జెంటిలీ అనే మధ్యతరగతి పేటలో అద్దెకుంటాడు. సంపాదనకు లోటు లేదు. ఆఫీసు సెక్రటరీని కార్లో షికారు తిప్పుతాడు, సాయంత్రమైతే సినిమాకి వెళ్తాడు. ఇన్ని ఉన్నా అతనికి ఏదో అయింది. ఏమైందో అతనికే తెలియదు.

నవల మొదలవకముందే, డెన్మార్క్ తత్వవేత్త కిర్కెగార్డ్ మాటగా పెర్సీ ఒక సూచన ఇస్తాడు: నిరాశకు అసలు లక్షణం, తాను నిరాశనని దానికే తెలియకపోవడం. ఆయన రాసిన ఆరు నవలలకూ మూలం ఈ వాక్యమే. ఈ జబ్బును కనిపెట్టడంలో పెర్సీకి సాటి వచ్చేవాళ్లు తక్కువ. కాకపోతే మందు చీటీ రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆయన నవల దెబ్బతింది.

ఆయన బతుకులోనే దీనికి కారణాలున్నాయి. తాత తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. 1929లో తండ్రీ అదే పని చేశాడు. అప్పటికి పెర్సీకి పదమూడేళ్లు. మూడేళ్లు తిరగకుండానే తల్లి నడుపుతున్న కారు వంతెన మీంచి నీళ్లలో పడి ఆమె పోయింది. అది ప్రమాదమేనా అన్న అనుమానం కొడుకును జీవితాంతం వదల్లేదు. మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో ఉండే తండ్రి కజిన్, కవీ లాయరూ అయిన విలియం అలెగ్జాండర్ పెర్సీ, పెర్సీనీ, ఇద్దరు తమ్ముళ్లనీ చేరదీసి పెంచాడు. 1941లో కొలంబియా యూనివర్సిటీలో పెర్సీ వైద్యవిద్య పూర్తయింది. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో శవపరీక్షలు చేస్తుండగా టీబీ అంటుకుంది. సారనాక్ లేక్ శానిటోరియంలో మంచం మీద పడి దోస్తొయెవ్‌స్కీ, కిర్కెగార్డ్ చదివాడు. శరీరం గురించి సైన్సు అంతా చెప్పింది గానీ, మనిషిగా పుట్టి మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి ఏం చేయాలో చెప్పలేదని ఆయనకు అక్కడే అనిపించి ఉండాలి. 1947లో క్యాథలిక్ మతం తీసుకున్నాడు.

బింక్స్ దగ్గరికి వద్దాం. ఒకరోజు పొద్దున్నే బట్టలేసుకుంటూ బల్ల మీద పడి ఉన్న తన వస్తువులు చూస్తాడు. పర్సు, పాకెట్ డైరీ, పెన్సిల్, తాళాలు. రోజూ జేబులో వేసుకునేవే. ఆ రోజు మాత్రం అవి ఎవరో అపరిచితుడివిలా, ఆచూకీ చెప్పే ఆనవాళ్లలా కనిపిస్తాయి. కొరియా యుద్ధంలో గాయపడి పొద కింద పడి ఉన్నప్పుడు, ముక్కుకు జానెడు దూరంలో ఆకులు గీరుతున్న పేడపురుగును చూసి ఒకప్పుడు ఇలాగే మేలుకున్నాడు. ఇంటికొచ్చాక మర్చిపోయాడు. దినచర్యలో మునిగిపోకుంటే ఎవడైనా ఇలాంటి వెతుకులాటే మొదలుపెడతాడని అతని నమ్మకం.

నవలలో నాకు బాగా నచ్చిన ఘట్టం న్యూ ఆర్లిన్స్‌లోని ఫ్రెంచ్ క్వార్టర్ వీధిలో జరుగుతుంది. సినిమా నటుడు విలియం హోల్డెన్ నడిచి వెళ్తుంటాడు. హనీమూన్‌కి వచ్చిన కొత్త జంట బిక్కమొహాలతో వెనకే వస్తుంటారు. హోల్డెన్ అగ్గిపుల్ల కోసం జేబులు తడుముకుంటే ఆ కుర్రాడు ఏమీ ఎరగనట్టు సిగరెట్ వెలిగించి, మామూలుగా నాలుగు మాటలాడి ముందుకు సాగుతాడు. అంతే, వాడి నడక మారిపోతుంది. ఇప్పుడు వాడూ ఉన్నట్టే లెక్క. మన పేట తెర మీద కనిపిస్తే తప్ప అది నిజంగా ఉన్నట్టు తోచదని బింక్స్ అంటాడు. ఫోన్ కెమెరాలు రాకముందు, 1961లో అచ్చయిన మాట ఇది.

పెర్సీ వదలకుండా అడిగిన మరో ప్రశ్న: మంచి చోట ఉన్నప్పుడు మనిషికి దిగులెందుకు, తుపాను ముంచుకొస్తుంటే హుషారెందుకు? బింక్స్ బంధువు కేట్ కాబోయే భర్తను కారు ప్రమాదంలో పోగొట్టుకుంది. జబ్బో చావో వచ్చినప్పుడే మనుషులు నిజంగా కనిపిస్తారంటుంది. కరెంటు పోయిన తుపాను రాత్రి, ఎన్నడూ మాట్లాడని పక్కింటివాళ్లతో అరుగు మీద కబుర్లు చెప్పుకున్న కోస్తావాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు.

మన ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు మీదా వంశప్రతిష్ఠ బరువుంది. బింక్స్ మీద ఆ బరువు ఎమిలీ అత్త రూపంలో ఉంటుంది. సీతారామారావు ఉడికిపోయి తనను తానే కాల్చుకుతింటాడు. బింక్స్ చమత్కారాలాడతాడు. అతని జబ్బు అంత తేలిగ్గా బయటపడకపోవడానికి ఆ చమత్కారమే కారణం.

చివర్లో, క్యాథలిక్కులు చర్చిలో నుదుట బూడిద పెట్టించుకునే బూడిద బుధవారం నాడు, అతను కారులో కూర్చుని చర్చి నుంచి బయటికొస్తున్న ఓ నల్లజాతి మధ్యతరగతి మనిషిని గమనిస్తాడు. నుదుట బూడిద ఉందో లేదో ఆ రంగు మీద తెలియదు. దేవుడి కోసం వచ్చాడా, నలుగురిలో పైకి రావడానికి వచ్చాడా, రెండూనా? చెప్పలేమంటాడు. పెర్సీ విశ్వాసి అయి ఉండీ అక్కడ ఆగడం గొప్ప నిగ్రహం. అయితే ఆ మనిషి వైపు నుంచి నవల ఎప్పుడూ చూడదు. అత్త ఇంట్లో పనిచేసే మెర్సర్ వినయానికీ డాబుకీ మధ్య తడబడుతుంటే బింక్స్‌కి ఇబ్బందిగా ఉంటుంది. మెర్సర్‌కి ఎలా ఉంటుందో మనకు తెలియదు. జీవితానికి అర్థం వెతుక్కునే తీరిక ఆ ఇంట్లో ఎవరి చాకిరీ మీద నడుస్తోందో పెర్సీ చూశాడు గానీ అటు వెళ్లలేదు.

తర్వాతి నవలల్లో ఆ నిగ్రహం సడలింది. ‘లాన్సెలాట్’లో ఆగని ఉపన్యాసం. ఆఖరిదైన ‘ద థానటోస్ సిండ్రోమ్’ (1987) ఊహ మాత్రం అద్భుతం: కొందరు డాక్టర్లు మంచినీళ్లలో రహస్యంగా రసాయనం కలుపుతారు, ఊళ్లో నేరాలు తగ్గుతాయి, టెన్షన్ ఎవరికీ ఉండదు, ఆ టెన్షన్‌తోపాటు మనుషుల్లో మనిషితనమూ పోతుంది. ఇంత పదునైన కథను నడవనివ్వకుండా ఒక ఫాదర్ చేత పేజీలకు పేజీలు బోధ చేయించాడు.

1980లో వచ్చిన ‘ద సెకండ్ కమింగ్’కు మాత్రం నా ఫిర్యాదు వర్తించదు. దీని హీరో విల్ బారెట్ తండ్రి కూడా తుపాకీతోనే పోయాడు. దేవుడున్నాడో లేడో తేల్చుకుందామని విల్ ఒక గుహలోకి దిగి, గుర్తు చూపిస్తే సరే, లేదంటే ఇక్కడే చస్తానని పంతం పడతాడు. అంతలో పంటినొప్పి మొదలవుతుంది. వాంతి వచ్చేంత నొప్పి. అంత పెద్ద ప్రశ్నా పక్కకు పోతుంది. దారి వెతుక్కుంటూ పైకి పాకబోయి జారి, మానసిక ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చిన ఓ అమ్మాయి ఉంటున్న గ్రీన్‌హౌస్‌లో పడతాడు. ‘ద మూవీగోయర్’ తర్వాత పెర్సీది ఇంకొకటే చదవాలనుకుంటే ఇది చదవండి. ఇక్కడ దేవుడి మీద తీర్పు చెప్పే పనిని ఆయన ఒక పంటికి అప్పగించాడు. వైద్యం చదివినవాడికే తట్టే పని అది.