రికార్డింగులు ఉంచాలా, తుడిచెయ్యాలా?

జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో మొదటి ఏడాది ఇంగ్లీషు ల్యాబ్‌కి రెండు భాగాలు. కంప్యూటర్ ముందు కూర్చుని విని, పలికేది ఒకటి. ఎదురెదురుగా మాట్లాడేది ఇంకొకటి. ఇంగ్లీషు మేడమ్‌కీ, ల్యాబ్ టెక్నీషియన్‌కీ మధ్య జరిగిన ఈ వాదన మొదటి దాని గురించే. 30 సిస్టమ్స్ ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో, సెలవుల్లో టెక్నీషియన్ అన్నిటికీ ఫ్రీజింగ్ సాఫ్ట్‌వేర్ వేశాడు. అంటే రీస్టార్ట్ అయితే డిస్కు మళ్లీ పాత స్థితికి వచ్చేస్తుంది. సోమవారం పిల్లలు చేసిన రికార్డింగులు మంగళవారానికి లేవు.

మేడమ్: బాబూ, 30 మంది గంటసేపు కూర్చుని రికార్డు చేశారు. ఒక్క ఫైలూ మిగల్లేదు. నువ్వు పెట్టిన ఫ్రీజింగ్ వల్లేనా?

టెక్నీషియన్: అవును మేడమ్. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ తప్పు నాదే. కానీ ఫ్రీజింగ్ తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. పోయిన సెమిస్టర్‌లో ఒక పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చి 11 సిస్టమ్స్ పడుకున్నాయి. అన్నిటికీ మళ్లీ విండోస్ వేసేసరికి వారం పట్టింది, ఆ వారం మీ క్లాసులూ పోయాయి. ఇప్పుడు ఎవరేం కెలికినా రీస్టార్ట్ కొడితే మొదటికి వస్తుంది.

మేడమ్: సిస్టమ్ మొదటికి వస్తే మంచిదే. పిల్లవాడు మొదటికి రాకూడదు కదా! ఒక అబ్బాయి సంగతి చెప్తా విను. వాడు 'బుక్' అనడు, 'బుక్కు' అంటాడు. 'బస్' అనడు, 'బస్సు'. తెలుగులో మాట చివర అచ్చు పలకడం మనకి అలవాటు. పదిసార్లు చెప్పినా ఆ తేడా వాడి చెవికి అందలేదు. మాటని రికార్డు చేసి గీతగా చూపించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వాడి మాట, దాని కింద నమూనా మాట పెట్టి చూపించా. నమూనాలో 'క్' దగ్గర గీత టక్కున ఆగిపోయింది. వాడి గీతకి వెనకాల ఇంకో చిన్న తోక ఉంది. "ఆ తోక నాదేనా మేడమ్?" అన్నాడు. మూడు వారాల తర్వాత పాత రికార్డింగు పక్కన కొత్తది పెట్టి, తోక తగ్గిందని తనే వచ్చి చూపించాడు. పాత ఫైలు లేకపోతే వాడు దేనితో పోల్చుకోవాలి?

టెక్నీషియన్: ఫైలు ఉండాలి, కాదనను. సర్వర్‌లో రోల్ నంబర్‌కో ఫోల్డర్ పెడతా, అందులో వెయ్యమనండి.

మేడమ్: నెట్‌వర్క్ పోయిన రోజు ఏం చెయ్యాలి? సి డ్రైవ్ ఫ్రీజ్ చేసుకో, డి డ్రైవ్ వదిలెయ్. ముందు అందులో సేవ్ చేస్తారు, క్లాసు అయ్యాక సర్వర్‌కి కాపీ చేసుకుందాం.

టెక్నీషియన్: డి డ్రైవ్ వదిలితే నెల తిరిగేసరికి సినిమాలతో నిండిపోతుంది. అసలు సర్వర్‌లో ఉన్న పాత ఫైళ్లు చూశారా? చాలామంది 'సేవ్' నొక్కి వెళ్లిపోయారు. సేవ్ నొక్కితే ఆడాసిటీ ప్రాజెక్టు ఫైలు వస్తుంది, మామూలు ప్లేయర్‌లో అది తెరుచుకోదు. 'ఎక్స్‌పోర్ట్' చేస్తేనే వేవ్ ఫైలు. అదీ స్టీరియోలో, 44,100 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి అన్నిసార్లు శబ్దాన్ని కొలిచేలా చేస్తే నిమిషానికి 10 ఎంబీ. 30 మంది ఐదేసి నిమిషాలు మాట్లాడితే ఒక్క బ్యాచ్‌కే ఒకటిన్నర జీబీ. ఒక్క గొంతుకి స్టీరియో ఎందుకు మేడమ్? మోనో, అంటే ఒకటే చానెల్, 16,000 హెర్ట్జ్ పెడితే నిమిషానికి 2 ఎంబీ కూడా అవదు.

మేడమ్: అంత తగ్గిస్తే 'సిప్', 'షిప్' తేడా వినపడుతుందా?

టెక్నీషియన్: ఆ 16,000లో సగం, అంటే 8,000 హెర్ట్జ్ దాకా శబ్దం ఉంటుంది, మాటకి చాలు. రెండూ వినిపిస్తా, మీ చెవే తేల్చాలి.

మేడమ్: సరే, వింటాను. మరి నెట్ ఎందుకు మూశావు? డిక్షనరీలో ఒక మాట ఉచ్చారణ విందామన్నా దారి లేదు.

టెక్నీషియన్: 30 మంది ఒకేసారి వీడియో పెడితే, మనిషికి 2 ఎంబీపీఎస్ చొప్పున 60. కాలేజీ మొత్తానికి ఉన్నదే 100. మీ ఆడియో ముందురోజు ఇవ్వండి, సర్వర్‌లో వేస్తా. 128 కేబీపీఎస్ ఫైలు 30 మందీ ఒకేసారి విన్నా 4 ఎంబీపీఎస్ దాటదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో స్క్వేర్ బ్రాకెట్ కీలతో వేగం తగ్గించుకుని కూడా వినొచ్చు.

మేడమ్: పాఠం ముందురోజు తెలుస్తుంది బాబూ, పిల్లవాడి సందేహం తెలీదు. రెండు మూడు డిక్షనరీ సైట్లైనా తెరిచి పెట్టు.

టెక్నీషియన్: అవి మాత్రం తెరుస్తా. వీడియోలు వద్దు. నిజానికి మన టైమ్ తినేది నెట్ కాదు, మైక్. రోజూ మొదటి పది నిమిషాలు "సార్, నా వాయిస్ రావట్లేదు" అన్న గోలే. కొత్త హెడ్‌సెట్లకి ఫోన్లలాగా ఒకటే పిన్ను, మన సిస్టమ్స్‌కి ఆకుపచ్చ, గులాబీ రెండు సాకెట్లు. ఆకుపచ్చలో పెడితే వినపడుతుంది కానీ మాట వెళ్లదు. ఆ ఒక్క పిన్నుని రెండుగా విడదీసే స్ప్లిటర్లు కొనాలి, లేదా యూఎస్‌బీ హెడ్‌సెట్లు.

మేడమ్: యూఎస్‌బీ పెట్టిన నాలుగింటికీ మైక్ సెట్టింగ్ మాటిమాటికీ మారిపోతోందిగా?

టెక్నీషియన్: పోర్టు మారిస్తే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుంటుంది. మైక్ లెవెల్ సరిచేసి, ఆ తర్వాత ఫ్రీజ్ చేసి, ఆ పోర్టుకి ఎర్ర స్టిక్కర్ అంటిస్తా. అందులోనే పెట్టమని మీరు పిల్లలకి గట్టిగా చెప్పండి.

మేడమ్: చెప్తాను. సెమిస్టర్ చివర వాళ్ల రికార్డింగులు ఇంటికి పట్టుకెళ్లాలి. పెన్‌డ్రైవ్‌లు రానిస్తావా?

టెక్నీషియన్: ససేమిరా. ఇందులో మీరు ఎంత చెప్పినా వినను.

మేడమ్: వాళ్ల గొంతు వాళ్లకి ఇవ్వకపోతే ఎలా?

టెక్నీషియన్: మీ సిస్టమ్ నుంచి ఒక్కొక్కరికీ మెయిల్ చెయ్యండి. 180 మంది ఉన్నారు, ఆలోచించుకోండి.

మేడమ్: కూర్చుని చేస్తాను. ముందు ఆ డి డ్రైవ్ విప్పు, పదింటికి బ్యాచ్ వస్తుంది.

టెక్నీషియన్: విప్పుతా మేడమ్. కానీ సర్వర్‌కి కాపీ అయ్యాక ప్రతి శుక్రవారం తుడిచేస్తా.

మేడమ్: కాపీ అయిందని నేను చూశాకే.