డాకింగ్ రిపోర్టు కొనుక్కుంటే ఎమ్మెస్సీ పూర్తయినట్టేనా?

బయోఇన్ఫర్మాటిక్స్‌కు, అంటే జన్యువుల, ప్రొటీన్ల సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే చదువుకు, ల్యాబు ఖర్చు ఉండదు, కంప్యూటర్ ఒక్కటి చాలు అని మా అనంతపురంలో అడ్మిషన్ల వేళ ఊదరగొడతారు. అబద్ధమేమీ కాదు. జన్యుక్రమాల డేటాబేస్ జెన్‌బ్యాంక్ ఉచితం, ఒక క్రమానికి పోలికలు వెతికిపెట్టే బ్లాస్ట్ 1990 నుంచీ ఉంది, ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ అంచనా వేసిన 20 కోట్లకు పైగా ప్రొటీన్ నిర్మాణాలు ఎవరైనా దించుకోవచ్చు. ఇన్ని ఉండి చదువు సాగుతున్న తీరే నాకు ఒళ్లు మండిస్తోంది.

రికార్డు పుస్తకంలో బ్లాస్ట్ స్క్రీన్‌షాట్ అంటిస్తారు. కింద స్కేలు పెట్టి గీత కొట్టి, "ఈ-వాల్యూ తక్కువ, కనుక పోలిక ఎక్కువ" అని రాస్తారు. ఎర్ర సిరా సంతకం పడుతుంది, అంతే. అంత స్కోరున్న పోలికలు ఆ డేటాబేస్‌లో కాకతాళీయంగా ఎన్ని తగలవచ్చో చెప్పే అంచనా ఈ-వాల్యూ. డేటాబేస్ పెరిగితే అదే పోలికకు ఈ-వాల్యూ కూడా పెరుగుతుంది. ఎందుకని వైవాలో అడిగితే పిల్లలు నీళ్లు నములుతారు. అడగాల్సినవారికి తెలిస్తే కదా!

ఇక చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. హైదరాబాదులో డబ్బు కడితే బైండు చేసిన రిపోర్టు చేతికొస్తుంది. వేపలోనో తులసిలోనో ఒక రసాయనం, ఒక క్యాన్సర్ ప్రొటీన్, మంచి డాకింగ్ స్కోరు (రసాయనం ప్రొటీన్‌కు ఎంత బాగా అతుక్కుంటుందో కంప్యూటర్ కట్టే లెక్క), "కాబట్టి ఇది మందుగా పనికొస్తుంది" అనే ముగింపు. ఆ స్కోరు అంచనా మాత్రమే, నిజంగా అతుక్కుంటుందో లేదో ప్రయోగంలో తేలాలి. ఈ రిపోర్టులే నిజమైతే క్యాన్సర్ ఆసుపత్రులు ఎప్పుడో మూతపడేవి.

మన పొలాల్లో ప్రశ్నలు లేవా? 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను కాండం కుళ్లు తెగులు దెబ్బతీసింది. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగుల వల్ల పంటకు అంటుకుంటుంది. గట్ల మీద వయ్యారిభామ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. దాని మీద ఒక్క ఎమ్మెస్సీ ప్రాజెక్టూ నా కంటబడలేదు.

సర్వర్లు లేవంటారు. ఆ వైరస్ జన్యుపటం మొత్తం కలిపినా 9 వేల అక్షరాల లోపే. వేరుశనగలో, పొద్దుతిరుగుడులో దొరికిన వైరస్ క్రమాలు జెన్‌బ్యాంక్‌లో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పేర్చి ఎక్కడ మారాయో చూడటానికి పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. లినక్స్, స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్‌లోనే ప్రాక్టికల్‌గా నేర్పండి, కొన్న రిపోర్టులకు సంతకాలు ఆపండి. ఈ రెండింటికీ గ్రాంటు అక్కర్లేదు.